పద్నాలుగో అంతస్తు

వాళ్ళెప్పుడూ కింద నిలబడే తీస్తారు.
కెమెరా మోకాలి ఎత్తున పెట్టి,
మా బిల్డింగు ఆకాశాన్ని మింగేస్తున్నట్టు.
వాన కోసం కాచుకుంటారు కూడా.
ఎండకి గోడలు పెంకులెత్తే మార్సెయ్‌లో
వార్తల్లో మాత్రం మా పేటకి ఏడాది పొడుగునా ముసురే.

తర్వాత ఆ గొంతు వస్తుంది,
గ్లవుజులు తొడుక్కుని మాట్లాడినట్టు:
"పోలీసులే అడుగు పెట్టడానికి జంకే చోటు..."
సరిగ్గా అప్పుడే మా అమ్మ
నైట్ డ్యూటీ దిగి
ఆ చోట్లోనే అడుగు పెడుతుంటుంది,
చంకలో రెండు పొడుగు రొట్టెలు,
చేతులకి ఆసుపత్రి బ్లీచింగ్ వాసన.
ఒకసారి ఆమె వీపు కూడా పడింది టీవీలో.
మొహం మసక చేశారు,
వీపుకి మొహం ఉన్నట్టు.

లిఫ్టు చెడిపోయి పదకొండు నెలలు.
అందుకే ఏ చానెలూ పైకి రాలేదు.
అందుకే ఎవరికీ తెలీదు
మా వంటింటి కిటికీ రెక్క తోస్తే
సముద్రం.
మొత్తం సముద్రం.
క్రేన్ల మెడలు, కోర్సికా వెళ్ళే తెల్ల ఓడ,
ఉల్లిపాయలు వేగుతుంటే ఆవిరి వెనకాల
ఊగే నీలం.

నస్రుద్దీన్ ఫోనుకి మూలన పగులు.
దాంతోనే తీశాం, ఆపకుండా, ఒక్క ఊపున,
గేటు దగ్గర మొదలెట్టి పైదాకా.
మూడో అంతస్తులో గరబెడియన్ తాత,
రేవులో ముప్పై ఏళ్ళు మూటలు మోసిన భుజం
ఇప్పుడు రంగు డబ్బాల్లో టమాటాలకి వంగుతుంది.
"నన్ను కాదు, కాయల్ని తియ్యి" అన్నాడు.
ఆరో అంతస్తులో హలీమా పిన్ని,
నోట్లో గుండుసూదులు పెట్టుకుని
మొరోనీలో జరగబోయే పెళ్ళికి కొంగు కుడుతూ
పెదవులు కదపకుండా మమ్మల్ని తిట్టింది.
పదకొండులో బల్బు లేదు.
ఆ చీకటంతా మా ఆయాసమే వినిపిస్తుంది.
ఆపైన కిటికీ. నేనేమీ మాట్లాడలేదు.
పన్నెండు సెకన్లు, గాలి మాట్లాడింది.

గొడవంతా రెండో అంతస్తు దగ్గర వచ్చింది.
అక్కడ కుర్చీ వేసుకుని కాపలా కాసే కుర్రాడు
ఫోను చూసి టోపీ ముందుకి లాక్కున్నాడు.
వాడి పక్కన, గోడ మూల,
కరిగి నేలకి అంటుకున్న కొవ్వొత్తులు, ఇలియాస్ ఫోటో.
పోయిన వేసవిలో, పంతొమ్మిదేళ్ళు.
"ఇది తీసేద్దాం," అన్నాడు నస్రుద్దీన్,
"ఇది చూపిస్తే వాళ్ళ సినిమాయే మళ్ళీ."
నేనూ సరేనన్నాను. కత్తిరించాను కూడా.
ఒకటో అంతస్తు నుంచి మూడుకి
శుభ్రంగా గెంతింది మా వీడియో.

అమ్మ రొట్టె విరుస్తూ చూసింది.
రెండోసారి చూసింది.
"ఇలియాస్ ఏడే?" అంది.
మేం చెప్పిందంతా వింది.
"వాళ్ళేమో వాడొక్కణ్ణే చూపిస్తారు.
మీరు వాణ్ణొక్కణ్ణే మింగేశారు.
నా చేతుల మీద జ్వరం తగ్గిన పిల్లాడు వాడు."
అంతే. వెళ్ళి పడుకుంది.

మళ్ళీ అతికించాం.
కుర్రాడి టోపీ, కొవ్వొత్తులు, తర్వాత టమాటాలు.
అతుకు దగ్గర చిన్న కుదుపు ఉండిపోయింది,
నాకు పోగొట్టడం రాలేదు.

ఆ వారంలో ఎంతమంది చూశారో
నస్రుద్దీన్ గంటగంటకీ లెక్క చెప్పేవాడు,
పాల ధర చెప్పినట్టు.
పదో రోజున ఫోను, ఆ గ్లవుజుల గొంతే:
"ఆ కిటికీ ముక్క మాకు పంపగలరా?
సముద్రం బావుంది."
పంపం, అన్నాను. రండి, మెట్లున్నాయి.
రెండొందల యాభై రెండు.

వచ్చింది. ఒక్కతే, వాన లేని రోజున.
పైనుంచి వింటున్నాం,
మడమల చప్పుడు, ఆగడం,
మళ్ళీ చప్పుడు. మళ్ళీ ఆగింది.
కుర్చీ జరిపిన శబ్దం,
నీళ్ళు పోసిన శబ్దం.
"ఇంకా ఎంత దూరం?" అంటోంది ఆమె.
గరబెడియన్ తాత గొంతు మెట్లమీదుగా ఎక్కి వచ్చింది:
"ఇంకా టమాటాల దగ్గరే ఉన్నావమ్మా."