లాటు చీటీ

బట్టలకొట్టు సంచిలో ఉండేవి అన్నీ.
కొత్తపేట డాక్టర్ల చీటీలు, మందుల బిల్లులు,
ఎవరి రక్తమో ఎవరి మూత్రమో
ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవి.

నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తాని.
పన్నెండేళ్లుగా నా పని ఒకటే:
ఏ టిక్కీ ఏ రైతుది, ఏ చాంబరు, ఏ వరస.
నిమిషంలో చెప్పకపోతే ఘాటంతా నా మీదే.

ఓ ఆదివారం పూజ ముగించుకొచ్చి
చాప పరిచి సంచి బోర్లించాను.
మనిషికో ఫైలు. అట్ట మీద పేరు,
బ్లడ్ గ్రూపు, ఎర్ర ఇంకుతో పడని మందు.
"మమ్మల్ని కూడా లాట్లు కట్టేశావా" అంది అత్త.
కట్టేశాను.

లూర్దమ్మ వయసు ఒక చీటీలో అరవై,
రెండేళ్ల తర్వాతి చీటీలో యాభై ఐదు.
"ఆ డాక్టరు అడగలా, చూసి రాసుకున్నాడు."
జోజి చెయ్యి విరిగినప్పటి ఎక్స్‌రే కవరుంది, ఫిల్మ్ లేదు.
గ్రహణం నాడు మేడెక్కి వీధి పిల్లలంతా
వాడి ఎముకల్లోంచి సూర్యుణ్ణి చూశారట.

ఇన్నయ్య మామ ఈసీజీ దొరికింది.
మడత విప్పితే
లెక్కల పుస్తకంలా గులాబీ గళ్లున్నాయి.
గీత లేదు.
ఆ రాత్రి పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరు
"పాత ఈసీజీ ఉందా" అని మూడుసార్లు అడిగాడు.
సంచి నా ఒళ్లోనే ఉంది.
వెతుకుతూనే ఉన్నాను.
అప్పటికింకా గీత ఉందో
అప్పటికే ఎగిరిపోయిందో.
ఏ ఫైల్లో పెట్టను దీన్ని?

మామకీ ఓ ఫైలు కట్టాను.
"పోయినాయనకి ఎందుకే" అంది అత్త.
"మీ చిన్నపకి నలభై దాటాయి కదా" అన్నాను.

ఆమె మాట్లాడలేదు.
వంటింట్లోకి పోయి పొయ్యి కట్టేసి వచ్చింది.
ట్రంకు పెట్టె అడుగున చెయ్యి పెట్టి
ప్రార్థన పుస్తకం తీసి, అందులోంచి
నాలుగు మడతల కాగితం తీసింది.
ఫిరంగిపురంలో మదర్లు రాసిచ్చిన చీటీ,
మామ వాళ్ల నాన్నది.
నీలం సిరా. మడతల దగ్గర చిరిగినా
"గుండె నొప్పి" అన్న అక్షరాలు నిలిచే ఉన్నాయి.
"ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదుగా" అంది.

జీతం రోజున అరండల్‌పేట జిరాక్సు కొట్టుకి పోతాను.
వెలిసిపోయే కాగితం ఏదైనా నెలలోపు నకలు తీయాల్సిందే.
కొట్టు కుర్రాడికి మా ఇంటి షుగర్లన్నీ కంఠతా.
"మామ్మకి ఈసారి తగ్గిందక్కా" అంటూ
పొడిచీటీని అద్దం మీద బోర్లించి ఆగాడు.

"ఈ శౌరయ్య ఎవరక్కా, కొత్త పేషెంటా?"

రెండు కాపీలు తియ్యి, అన్నాను.