రోజుకో గ్లాసుడు

అల్వానీ నుంచి ఓమాలోకి డెబ్బై కిలోమీటర్లు,
మధ్యలో అబానో కనుమ.
మా డెలికా వ్యానుకి ఇరవై ఎనిమిదేళ్ళు.
జపాన్‌లో ఎవరో వాడి వదిలేసింది,
స్టీరింగు ఇంకా కుడివైపే.
మలుపులో ఎదురొచ్చే లారీని
ముందు చూసి చెప్పాల్సింది
ఎడమ పక్క కూర్చున్న నేను.

జూలై నుంచి కూలెంట్ తగ్గుతోంది.
రోజుకో గ్లాసుడు.
భయపడేంత ఎక్కువా కాదు
ఊరుకునేంత తక్కువా కాదు.
రాత్రి ఇమెదా బండి కింద అట్టముక్కలు పరిచేవాడు.
పొద్దున తీస్తే
పెట్టినవి పెట్టినట్టే, పొడిగా.
ఒక్క పచ్చ చుక్క లేదు.

బాదూర్ బావ వచ్చి, బండి చుట్టూ తిరిగి,
గొంతు తగ్గించి
"హెడ్ గాస్కెట్టే. పదిమందికీ తెలిసేలోగా అమ్మెయ్" అన్నాడు,
ఇంట్లో రోగి నిద్రపోతున్నట్టు.
నూనె కర్ర తీసి చూశాం, నలుపే. పాలవిరుగుడు లేదు.
సైలెన్సర్ దగ్గర తెల్ల రుమాలు పట్టాం.
రుమాలు పాడయింది, అంతే.

తెలావీ నుంచి ఓటియా ప్రెషర్ పంపు తెచ్చాడు,
బీపీ చూసే దానికి దూరపు చుట్టం.
రేడియేటర్ మూతి మీద బిగించి
నాలుగు సార్లు కొట్టాడు.
ముల్లు లేచి నిలబడింది.
తర్వాత మెల్లగా, మర్యాదగా, దిగడం మొదలెట్టింది.
"ఎక్కడో పోతోంది. వినండి" అన్నాడు.
ఇంజను ఆపేశాం, ఊపిరి ఆపేశాం,
గోడ మీద కూసిన కోడిని తిట్టాం.
ఏమీ వినపడలేదు.

ఇమెదాకి రెండేళ్ళ కిందటి జ్వరంలో వాసన పోయింది.
రొట్టె మాడినా, డీజిల్ ఒలికినా
నా మొహం చూసే తెలుసుకుంటాడు.
అందుకని వెనక తలుపు తీసింది నేను.

గొర్రె ఉన్ని వాసన. తోలుతిత్తి జున్ను వాసన.
టూరిస్టుల సాక్సుల వాసన.
వాటన్నిటి అడుగున
అక్టోబర్‌లో ద్రాక్షరసం మరిగే కాగు దగ్గర
నిలబడ్డట్టు, ఒక తీపి.
మోకాళ్ళ మీద కూర్చుని ముక్కుతో వెతికాను.
మూడో వరస సీటు కింద
వెనక హీటరు. దాని గొట్టం మెడలో, క్లిప్పు పక్కన
తుప్పు తిన్న చోట, పెన్సిల్ మొనంత కన్నం.
కింద కార్పెట్ ఎత్తితే
దిమ్మెలా నానిపోయి, బరువుగా, పచ్చగా.
మా గ్లాసులన్నీ అదే తాగింది.
అట్టముక్కలకి ఒక్క చుక్క మిగల్చకుండా.

"దొరికింది!" అని అరిచాడు ఓటియా.
నేను అరవలేదు.
కార్పెట్ అంచుకి
తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

అది కుర్షా పడుకునే చోటు.
నాలుగు నెలల పిల్ల.
కొండెక్కినా దిగినా అక్కడే,
దేన్నో నాకుతూ ఉండేది. ఉప్పు కోసమేమో అనుకునేవాళ్ళం.
ఆగస్టులో ఒక సాయంత్రం తూలుతూ నడిచింది.
విందు నుంచి వచ్చిందిరా అని నవ్వాం.
తొట్టెడు నీళ్ళు తాగింది.
మూడో రోజు లేవలేదు.

తోడేళ్ళకి విషం పెట్టాడని
ఖ్వతీసోని గేటు ముందు నిలబెట్టి అడిగాను.
అతను టోపీ తీసి
"నా కుక్కలు మూడూ ఇక్కడే తిరుగుతాయి కదమ్మా" అన్నాడు.
ఆ మాట నేను వినిపించుకోలేదు.
అప్పటి నుంచి వాళ్ళ పాలు తీసుకోవడం మానేశాం.

ఓటియా రెండు గొట్టాలూ కోసి
చేతి పొడుగు రబ్బరు ముక్కతో కలిపేశాడు.
రెండు క్లిప్పులు, ఎనిమిది లారీలు.
"వెనక వాళ్ళకి చలేస్తుంది, దుప్పట్లు పెట్టుకోండి" అన్నాడు.
ముల్లు లేచి, లేచిన చోటే ఉంది.

కార్పెట్ పెరట్లో తగలబెట్టబోతుంటే
ఇమెదా ఆపి, దానికి మొహం ఆనించాడు.
చాలాసేపు పీల్చాడు.
"ఎలా ఉంటుంది?" అని అడిగాడు.
"తియ్యగా" అన్నాను.

మర్నాడు కొండకి బయల్దేరాం.
ఖ్వతీసో గేటు దగ్గర ఆపమన్నాను.
గేరు తగ్గించాడు, ఆపలేదు.
"తిరిగొచ్చేటప్పుడు" అన్నాడు.
కనుమ మీద బండి ఆపి చూశాం,
కూలెంట్ గీత దగ్గరే ఉంది.
మళ్ళీ చూశాను.