అయిదు కమ్మీలు

మొదట దీపం విప్పాలి.
తర్వాత అద్దం, ఎండ రెక్కలు రెండూ,
తలుపుల చుట్టూ బిరుసెక్కిన రబ్బరు.
ఎవరూ నేర్పలేదు.
కాశీబుగ్గలో సీట్లు కుట్టే మస్తాను ఎనిమిది వేలన్నాడు,
ఆ ఎనిమిది వేలే నేర్పాయి.

అంబాసిడరు. డెబ్బై తొమ్మిది మోడలు.
టాపు గుడ్డ జారి జారి
వెనక కూర్చున్నవాళ్ళకి మేలిముసుగైంది.
పిన్నీసులు పెట్టాను, పదకొండు.
గతుకొస్తే ఒకటి ఊడి ఎవరి ఒళ్ళోనో పడేది.
దాలినాయుడు మాత్రం ఏరి, దాచి,
దిగేటప్పుడు నా చేతిలో పెట్టేవాడు.
"ఇదుగోరా, నీ సుక్కొకటి రాలిపోనాది."

మంగళవారం, శుక్రవారం.
కవిటి నించి పలాస, రక్తం కడిగించుకోడానికి.
పోయేటప్పుడు కూర్చుని,
వచ్చేటప్పుడు పడుకుని.
నాలుగేళ్ళు.

లాగితే గుడ్డ ఊడలేదు, రాలింది.
జీడిపిక్కల పొగ, ఎండుచేప, చుట్ట,
ఎవరిదో తలనూనె,
అంతా పొడిపొడిగా నా కళ్ళలోకి.
దాని వెనక రంగెరగని రేకు.
తిత్లీ నాడు కొబ్బరిచెట్టు పడ్డ చోట
పైన లాంబీ పూయించి నున్నగా చేయించాను గానీ
లోపల సొట్ట అలాగే ఉంది,
కిందికి దించిన పిడికిలిలా.

కమ్మీలు అయిదు. చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి,
ఒంపులు వేరు.
కలిసిపోతాయని సుద్దముక్కతో అంకెలు వేస్తున్నాను.
మూడోదాని మీద అప్పటికే ఒక మూడు ఉంది,
మేకుతో గీకింది.
నాకన్నా ముందెవడో
నాలాగే భయపడ్డాడు.

గుడ్డకి పొందూరు వెళ్ళాను.
"పంచెకా, కండువాకా?" రాట్నం ఆపకుండా అడిగిందామె.
కారుకమ్మా, లోపలి కప్పుకి.
రాట్నం ఆగింది.
"సేప పన్నుతో ఏకిన నూలు బాబూ ఇది.
కారు కప్పు ఎవులు సూత్తారు?"
పడుకున్నోళ్ళు చూస్తారు, అన్నాను.
కాసేపు నన్నే చూసింది.
"అలగైతే ముతకది పట్టుకెళ్ళు. సన్నందైతే సిరిగిపోద్ది."
డబ్బు మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు.

లంగాకి బొందు దూర్చే మడతలాగే
కమ్మీకొకటి చొప్పున అయిదు కుట్టింది సూరమ్మ.
"నాకు లేదు గానీ కారుకి లంగా కుట్టించినావు,"
మిషను తొక్కుతూనే నవ్వింది.

నడిమి కమ్మీ నించి మొదలెట్టాలి, అంచుల నించి కాదు.
అది తెలియడానికి రెండు రోజులు పట్టింది.
లాగు, జిగురు, ఆగు. మళ్ళీ విప్పు.
మెడ పట్టేసింది. చేతులు పైకెత్తే ఉన్నాయి,
ఎవరో తుపాకీ చూపించినట్టు.
చివరికి నీళ్ళు చిలకరించి, అద్దాలు దించి,
బండిని ఎండలో వదిలేశాను.
సాయంత్రానికి నూలు తనే బిగుసుకుంది.

వెనక సీట్లో పడుకున్నాను.
ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి.
ఈ బండిలో పైకి చూడటం నా పని కాదు,
నా పనంతా ఎదర.
దాలినాయుడు అలా పడుకునే చెప్పేవాడు,
"హరిపురం దాటీసినాం," "సోంపేట వొచ్చీసింది."
పాత గుడ్డ మీద ఒక నీళ్ళ మరక ఉండేది.
అచ్చం మన బారువ ఒడ్డులా ఉందిరా అనేవాడు.
సరే సరే అని గేరు మార్చేవాణ్ణి.
ఒక్కసారి తల తిప్పి చూడలేదు.

మాఘంలో ఒక మంగళవారం హారన్ కొట్టాను.
గుమ్మం ముందు చెప్పులు చాలా ఉన్నాయి.

ఆ మరక ఇప్పుడు పెంటకుప్పలో ఉంది.

రేపు తెల్లారి అయిదింటికి బొరివంక.
టీచరమ్మట, చిన్న వయసేనట, కొత్త కేసు.
ఎడమ మూల, సరిగ్గా తల వచ్చే చోట
గుడ్డలో ఒక ముడత మిగిలిపోయింది,
వేలెడంత.
విప్పి లాగితే పోతుంది.
లేచి, స్క్రూడ్రైవరు పట్టుకుని,
మళ్ళీ కింద పెట్టేశాను.
ఇంత తెలుపులో
కళ్ళకి పట్టు ఏదో ఒకటి దొరకాలి.