రాని జ్వరానికి లెక్క

ఫర్హీన్ మేడం,
మీ పటం మీద శివనగర్ ఎర్రగయిందన్నరు.
ఇంకా ఎవ్వలికీ ఒళ్ళు కాలలేదు.
ఎంజీఎం మెట్ల మీద సద్దిమూటలు లేవు.
మూడు వారాల తర్వాత అని
కింద చిన్న అక్షరాలల్ల రాసిండ్రు.

నేను ఓదెలును.
చేతిల తెల్ల గరిటె, భుజానికి మందు డబ్బా.
ఇరవై రెండేండ్ల సంది
వేరేటోళ్ళ నీళ్ళల్లకు తొంగి చూసుడే నా కొలువు.
ముందు నా మొకం కనవడ్తది,
తర్వాత పురుగు.

మీ కంప్యూటర్‌కు వాన తెలుసు, ఎండ తెలుసు,
గాలిల తేమ తెలుసు.
దానికి ఇది గూడ చెప్పుండ్రి:
మా దిక్కు నల్లా రోజు విడిచి రోజు వస్తది.
అందుకే ఇంటికి మూడు డ్రమ్ములు.
ఒలకబోయవ్వా అంటే
రాజేశ్వరవ్వ నన్ను చూసిన చూపు
ఏ గడిల నింపుతరు?
"మల్ల నువ్వు మోసుకొస్తవా కొడుకా?"

ఇంకోటి రాసుకోండ్రి.
చారల కాళ్ళ దోమ మురికిల గుడ్డు పెట్టదు.
తాగే నీళ్ళంత తేటగ ఉండాలె దానికి.
కూలర్ లోపల, నీటి గీతకు వేలెడు పైన,
మసి చుక్కల్లెక్క అతికిచ్చి పోతది.
ఎండకాలం పోతది, కూలర్ ఎండుతది,
గోడవతలికి తోసేస్తరు.
గుడ్డు చావదు మేడం.
నెలలకు నెలలు
నోరు మూసుకొని కూసుంటది.
మీరు రాబోయేది అంటున్నరు గని,
అది ఎప్పుడో వచ్చింది.
ఎండిన రేకు మీద
మనం మొక్కే వానకే అదీ ఎదురుచూస్తున్నది.

నాకు పటం లేదు, గుర్తులున్నయి.
కాశిబుగ్గల మందుల దుకాణం నాగభూషణం
జ్వరం గోలీల డబ్బాను
వెనక అర నుంచి ముందటికి జరిపిండంటే
అదొక గుర్తు.
బొప్పాయి చెట్టు ఆకులన్ని పోయి
బోడిగ నిలవడ్డదంటే
ఇగ అది గుర్తు గాదు, ఆలస్యం.

మీ ఎరుపు చూసి శుక్రవారం పోయినం.
నేను, ఆశా స్వరూప, ఇద్దరు పిలగాండ్లు.
జహంగీర్ పంక్చర్ దుకాణం వెనక
టైర్లు నూట పదకొండు.
వంచినకొద్దీ
ఒక్కో దాంట్లకెల్లి ఒక చిన్న చెరువు గిలగిలమన్నది.
కొందరు తిట్టిండ్రు, కొందరు చాయ్ పోసిండ్రు,
ఒకాయన కుక్కను ఇడిసిండు.

గల్లీ చివర ఇంటికి తాళం.
మిద్దె మీద ట్యాంకు మూత గాలికి పోయింది.
నేను వెనుకకు మర్లిన.
స్వరూప మర్లలేదు.
నాలుగేండ్ల కింద ఇట్లనే
ఒక తాళం చూసి వాపసు వచ్చినం.
ఆ పక్కింటి పిలగాడు ఏడో తరగతి.
ఆమె కొంగు దోపుకొని గోడెక్కింది.

మూడు వారాలైంది.
నాలుగైంది.
జ్వరం రాలేదు.

మీటింగుల సారు మీ పటం చూపిచ్చి అడిగిండు,
"ఏదమ్మా మీ ఎరుపు?
పొగ మిషన్ల డీజిల్ ఎవలు కట్టాలె?"
మీరు తల వంచుకున్నరు.
నేను వెనక బల్ల మీద.
లేచి చెప్పాలనుకున్న,
వచ్చిన జ్వరానికి ఓపీ చీటీ ఉంటది,
రానిదానికి ఏ చీటీ తేవాలె సారూ అని.
చెప్పలేదు.
మేం పోకుంటే నిజంగ వచ్చేదా?
అది నాకూ తెల్వదు.
తెల్వదనే మాటతోని
డీజిల్ బిల్లు పాసు గాదు.

బయటికొచ్చినంక
సారు గది ముందట పూలకుండి,
కింద పళ్ళెం, పళ్ళెంల నీళ్ళు.
అలవాటు. వంగి చూసిన.
నాలుగు తోకపురుగులు
తలకిందులుగ ఊపిరి పీల్చుకుంటున్నయి.
ఎండ మీదికి ఒంపిన.
గచ్చు మీద తడి ఆరేదాక నిలవడ్డ.

మీ పటంల
ఈ ఆఫీసు ఏ రంగుల ఉన్నదో
అడుగుదామనుకునేలోపల
మీ స్కూటీ గేటు దాటింది.
పద్మాక్షి గుట్ట దిక్కు మొగులు పట్టింది.
గరిటె చేతికి తీసుకున్న.