రేకు

లోవకుమారీ, ముందు కొంగు దోపుకో.
ఆ తర్వాతే కుండ ముందు కూర్చో.
రేపట్నించి నైలాన్ చీర కట్టి రాకు,
అది కాలదు, కరిగి ఒంటికి అంటుకుంటుంది.
గాజులు తీసి ఆ మేకుకి తగిలించు.
ఉంగరం ఉంటే అదీ.
ఎందుకో చెబుతాను, పిండి పలచనవనీ.

ఇదిగో బోర్లించిన కుండ.
కింద ఎండు కొబ్బరాకుల మంట,
పైన నల్లగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది.
మంటంటే పిల్లలకి భయం, ఎర్రగా ఉంటుంది కదా.
కుండ సంగతి వాళ్లకి తెలీదు.

మా హేమంత్‌కి అప్పుడు మూడో ఏడు.
పిండిగిన్నె అందుకోడానికి అటు తిరిగాను.
అంతే. గుడ్డ పరిచి లాగినంత సేపు.
కుడి అరచెయ్యి
కుండ బుగ్గ నిమిరినట్టు ఆనించాడు.

చెయ్యి లాగితే
కుండమీద ఒక రేకు మిగిలింది.
అచ్చం మనం తీసే రేకే,
చేతిగీతలతో సహా.

ఇల్లంతా వైద్యులే.
మాణిక్యం పిన్ని టూత్‌పేస్టు మూత తిప్పుతోంది.
ఒకరు సిరా అన్నారు, ఒకరు బంగాళాదుంప,
మా అత్తగారు వెన్నగిన్నెతో పరిగెత్తుకొచ్చింది.
ఎవర్నీ అనను. అన్ని చేతుల్లోనూ ప్రేమే.
పక్క తోటలో మోటారు వేసే నూకరాజు,
పూర్వం పంచదార ఫ్యాక్టరీ బాయిలర్ దగ్గర చేసినవాడు,
ఎవర్నీ అడక్కుండా పిల్లాణ్ణి చంకనేసుకుని
బోరుగొట్టం కింద ఆ చెయ్యి పెట్టాడు.
ఐసు తెస్తానంటే కసిరాడు.
"పారే నీళ్లు చాలు. ఇరవై నిమిషాలు. గడియారం చూడు."
వాపు రాకముందే వెండి మురుగు జారదీసేశాడు.
ఇరవై నిమిషాలంటే ఎంతో నీకు తెలీదు.
రేవు దాటి, అవతలి ఒడ్డున అందరూ దిగి,
మళ్లీ పంటు మనవైపు తిరిగొచ్చినంత.

ఉతికిన పంచెముక్క వదులుగా కప్పి
కొత్తపేట తీసుకెళ్లాం.
డాక్టరమ్మ సూదిమొనతో మెల్లగా తాకింది.
వేళ్ల చివర కెవ్వుమన్నాడు.
"మంచిది" అంది.
అరచేతి నడుమ తాకితే
వాడు కిటికీలోంచి కాకిని చూస్తున్నాడు.
ఆవిడ ఏమీ అనలేదు.
నేను, పిచ్చిదాన్ని, నొప్పి తగ్గిందని దండం పెట్టాను.

బొబ్బ ఏడిపిస్తుంది. చిదపకపోతే దానంతటదే ఆరుతుంది.
ఏడుపు లేని చోటే లోతు.
గోదారి దాటేవాళ్లనడుగు,
చప్పుడు చేసే నీళ్లు మోకాలి దాకానే.

రాజమండ్రిలో తొడమీంచి చర్మం తీసి అతుకుతామన్నారు.
ఎంత పలచనండీ అంటే
పెద్ద డాక్టరు మాట వెతుక్కున్నాడు.
మా ఊరేదో చెప్పాక నవ్వి
"మీరు తీస్తారే, అంత" అన్నాడు.
చిరక్కుండా తియ్యాలి, మడత పడకుండా పరవాలి,
కింద గాలి నిలవకూడదు.
అప్పటికే ఈ పనిలో నాకు పదేళ్లు.
అయినా నన్ను లోపలికి రానివ్వలేదు.

మూణ్ణెల్లు కుండ ముట్టుకోలేదు.
రేకు లేచేటప్పుడు ఒక చిన్న చప్పుడొస్తుంది చూడు,
అది వినలేకపోయాను.
రాత్రిళ్లు వాడి వేళ్లు చెక్కకి చాపి కట్టేదాన్ని,
గాయం మానాక కొబ్బరినూనె రాసి
ఒక్కో వేలూ సాగదీసేదాన్ని.
వదిలేస్తే చెయ్యి మొగ్గలా ముడుచుకుంటుందట,
ఇక ఎప్పటికీ విచ్చుకోదట.
వాడు తిట్టేవాడు.
తిట్లన్నీ నా దగ్గర నేర్చుకున్నవే.

ఇప్పుడు ఎనిమిదో తరగతి. క్యాచ్ వదలడు.
మొన్న తీర్థంలో చెయ్యి చూపించుకుంటానని కూర్చున్నాడు.
జోస్యుడు అటు తిప్పి ఇటు తిప్పి
యాభై రూపాయలూ తిరిగిచ్చేశాడు.

అదిగో, ఆ ఇటుకల గట్టు చూశావా, నడుమెత్తుది?
పిల్లలెవరొచ్చినా దానికవతలే. నీ పిల్లలైనా సరే.
నీళ్ల బిందె నీ ఎడమవైపు, నిండుగా, ఎప్పుడూ.
భయం కొంచెం ఉండనీ,
కూరలో ఉప్పంత.

పిండి కుదిరింది.
గుడ్డ ముంచు. పరువు. లాగు.
విన్నావా?