ఏక్‌సాల్ పట్టా

ముమ్మిడివరం స్టేషన్లో పాస్‌పోర్టు కాగితాలు నా వంతు.
పదకొండేళ్లుగా తలుపులు కొడుతున్నాను.
మనిషి ఉందా, ఇల్లు ఉందా,
ఇరుగుపొరుగు ఇద్దరు ఔనంటారా,
ఇంతే ఉద్యోగం.
తలుపే లేని ఇంటికి వెళ్లడం మాత్రం ఇదే మొదలు.

పేరు పెమ్మాడి లోవకుమారి.
శాశ్వత చిరునామా: డోరు నంబరు 2-41, పెదమేట లంక.
"రండి, చూపిస్తాను" అంది రేవులో,
ఐర్లండు నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చిన పిల్ల,
చెప్పులు చేత్తో పట్టుకుని నావెక్కుతూ.

పల్లయ్య గెడ వేశాడు.
ఎర్రనీరు ఇంకా తేరలేదు.
పాయ మధ్యలో ఓ కరెంటు స్తంభం మెడ దాకా మునిగి,
దాని మీద ఓ నీటికాకి.
"అదిగోనండి, స్తంభానికి కుడిపక్క మా వంటిల్లు."
చూశాను.
సుడి తిరుగుతోంది నెమ్మదిగా,
ఎవరో పొత్రం తిప్పుతున్నట్టు.

ఫారంలో ఆ గడికి జవాబులు రెండే. ఉంది. లేదు.

నావ ఎదురెక్కుతుంటే ఊరికే అడిగాను,
అక్కడ నీ లెక్కేమిటమ్మా అని.
వేళ్లు మడిచి చెప్పింది.
ముందు స్టాంపు రెండు. చదువుకోవాలి,
వారానికి ఇరవై గంటలు గిన్నెలు కడుక్కోవచ్చు.
తర్వాత ఒకటి-జీ. చదువైపోయింది గనక
పని వెతుక్కోమని ఏడాది, మళ్లీ అడిగితే ఇంకో ఏడాది.
ఆ రెండో ఏడాదికి పదిహేడు రోజులు మిగిలుండగా
మందుల కంపెనీ వాళ్ల పర్మిట్ వచ్చింది.
అప్పటిదాకా రాత్రుళ్లు
గట్టు విరుగుతున్న చప్పుడు వినబడేదట నిద్రలో.
చిన్న పెళ్ల. తర్వాత పెద్ద పెళ్ల.
తర్వాత ఏమీ లేదు.
"ఇంకో ఏడాది గడిస్తే స్టాంపు నాలుగండి.
పనికోసం ఎవర్నీ అడక్కర్లేదు."
"శాశ్వతంగానా?"
"దాని మీదా ఓ తేదీ ఉంటుందండి."

పల్లయ్య నవ్వాడు,
లంకోళ్లకి ఇదేం కొత్త సంగతా అన్నట్టు.
ఈ పిల్ల తాత ఏటా తాలూకాఫీసుకి పోయి శిస్తు కట్టేవాడు.
ఏక్‌సాల్ పట్టా. ఒక్క ఏడు, ఒక్క పంట,
దోసో బీరో పొగాకో.
వచ్చే ఏటికి మేట ఉంటే, నువ్వుంటే,
అప్పుడు చూద్దాంలే అనేవాడు గుమాస్తా.
ఆ కాగితం ప్లాస్టిక్ సంచిలో ఇంకా ఉంది,
పరదేశపు కార్డు పక్కనే.
తూర్పు హద్దు గోదావరి.
మిగతావి మనుషుల పేర్లు.
ఒకాయన ఏటిగట్టు మీద రేకుల షెడ్డులో,
ఒకాయన యానాంలో.
ఉత్తరపు హద్దు గుబ్బల సూర్యకాంతం
ఇదే నావలో కూచుని
వేలిముద్ర కోసం బొటనవేలు చెంగుకి తుడుచుకుంటోంది.
ఇప్పుడు నాలుగు హద్దులూ గోదావరే.

మనిషి దొరక్కపోతే "ఇంటికి తాళం" అని రాయడం మా అలవాటు.
ఇల్లు దొరక్కపోతే రాసే మాట
మా రికార్డుల్లో ఎక్కడా లేదు.

తిరిగొస్తుంటే దిగువన కొత్త ఇసక,
నాలుగు రెల్లు దుబ్బులు, పక్షుల అడుగులు.
ఈ ఏడే లేచిందట, పేరింకా పెట్టలేదు.
సూర్యకాంతం చెయ్యి అడ్డం పెట్టుకుని
దాన్నే చూసింది చాలాసేపు.
"దోస పాదుకి బాగుంటది" అంది,
"ఎవర్ని అడగాలో కనుక్కోండి బాబూ."

గట్టెక్కాక, మోకాలి మీద ఫైలు పెట్టుకుని రాశాను:
స్థలమునకు వెళ్లి చూచితిని. నీరు ఉన్నది.
దరఖాస్తుదారు ఉన్నది.
సాక్షులు ఇరువురు ఔననిరి.

సాయంత్రం ఎస్సైగారు పిలిచి,
"నీరు ఉన్నది ఏంటయ్యా, ఇల్లుందా లేదా?" అన్నారు.
ఉందనే చెప్పానండి.
లోతెంతో అడగలేదు ఆయన.