పదహారు ఏ

ఎనిమిదిన్నరకి సింధియా యార్డు గేటు దగ్గర
అద్దం మీద బొటనవేలు పెడతాను.
పచ్చ దీపం వెలిగి "థాంక్యూ" అంటుందా మిషను.
రోజు మొత్తంలో నాకు దొరికే థాంక్యూ అదొక్కటే.

ఎనిమిది నలభై దాటితే ఎర్ర దీపం.
ఎర్ర దీపమంటే పూట జీతం కోత.
జీతం అనకూడదట,
ఫీజు అనాలట.
డాక్టరుకిచ్చినట్టు, ప్లీడరుకిచ్చినట్టు
ఓడ అడుగున వెల్లకిలా పడుకుని
టార్చిలైటుతో అతుకులు వెతికే నాకూ ఫీజే!

ద్వారకానగర్ రెండో అంతస్తులో
ఆడిటరు దాలినాయుడు గారు కళ్లజోడు నుదుటికెక్కించి
"ఇది పదహారు కాదు బావూ, పదహారు ఏ" అన్నారు.
ఒక్క అక్షరం.
అందులోంచి పీఎఫ్ జారిపోయింది,
ఈఎస్ఐ ఆసుపత్రి జారిపోయింది,
నూటికి పది ముందే పోయింది.
"రికార్డులో నువ్వు వ్యాపారస్తుడివి మరి."

తెలుగులో ఏ అంటే ప్రశ్న కదా.
ఏ వ్యాపారం? ఏ కొట్టు? ఏ గల్లాపెట్టె?

వ్యాపారమంటే మా వీధికొచ్చే మైలిపిల్లి నూకాలుది.
జాలారిపేట నుంచి గంపెత్తుకుని
పదింటికొస్తే పదింటికి, రాకపోతే లేదు.
వంజరం రేటు తనే చెబుతుంది.
ఎక్కువ గీసి బేరమాడితే
"నీకమ్మను లెగు" అని గంప నెత్తికెత్తుకుంటుంది.
ఆ మాట ఒక్కసారైనా
మా మేనేజరుతో అనాలని నాకెంత కోరికో.

నా అగ్రిమెంటులో నాలుగో క్లాజు:
"కన్సల్టెంటు తన పనివేళలను తానే నిర్ణయించుకొనును."
సంతకం నాదే. చదవకుండా పెట్టలేదు,
చదివే పెట్టాను. ఆ నెల ఇంటద్దె బాకీ ఉంది.

మొన్న వానకి కాన్వెంట్ జంక్షన్లో బస్సు ఆగిపోయింది.
చెప్పులు చేత్తో పట్టుకుని
మోకాలి లోతు బురదనీళ్లలో నడిచి
ఎనిమిది నలభై మూడుకి వేలు పెట్టాను.
తడి వేలు. మొదట పట్టలేదు కూడా.
మూడు నిమిషాలకి ఒక పూట పోయింది,
చేతిలో చీటీ పెట్టారు:
"ఆలస్యంగా హాజరైనందుకు."

ఆ చీటీ చింపబోతే
దాలినాయుడు గారు నా చెయ్యి పట్టుకున్నారు.
"సొంత వ్యాపారస్తుడికి ఆలస్యమేటి బావూ?
వాళ్ల కలంతో వాళ్లే రాసిచ్చారు, దాచు."

అప్పట్నుంచీ దాస్తున్నాను.
కోత చీటీలు పదకొండు,
"ఆదివారం రావాలి" అన్న మెసేజీలు,
సెలవు అడిగితే "కుదరదు" అన్నవి,
తడవకుండా పాలకవరులో చుట్టి
బియ్యం డబ్బా వెనక.

ఇంక మర్రిపాలెం పీఎఫ్ ఆఫీసుకి వెళ్లాలి.
అది ఆదివారం తియ్యరు.
మిగతా ఆరు రోజులూ నావి కావు.

రాత్రి ఫోను తీసి టైపు చేశాను:
"సార్, రేపు ఒక పూట పర్మిషన్ కావాలి."
రెండు నీలం టిక్కులు.
కాసేపటికి ఒకే ఒక్క మాట వచ్చింది:
"కారణం?"

ఆ మాట కింద
గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది,
నా జవాబు కోసం.